ఛోటీ రైలు పోయింది, ధర కూత పెట్టింది

రాయ్‌పూర్‌లోని తెలీబంధాలో వందేళ్లు దాటిన నారోగేజ్ పట్టాలు పీకి రోడ్డు వేశారు. ఇళ్ల ధరలకు రెక్కలు తొడిగేది దారా, లేక ఆ దారిన వెళ్లేవాళ్ల జేబా?

ఇంటి ధర తేల్చేది ఇటుక, సిమెంటు కాదని తాపీమేస్త్రీకి కూడా తెలుసు. అదే ప్లాను, అదే ఇనుము, అదే కూలీతో రాయ్‌పూర్ శివారు పల్లెలో ఒక ఇల్లు, తెలీబంధా చౌక్‌కు కూతవేటు దూరంలో మరో ఇల్లు కడితే మొదటిదాని వెల రెండోదాన్ని ఏ జన్మకూ అందుకోలేదు. తేడా అంతా కింది మట్టిది. ఆ మట్టికి విలువ తెచ్చింది దాన్ని కొన్న ఆసామి కష్టం కాదు, దాని ముందు నుంచి ప్రభుత్వం ఎవరి డబ్బుతోనో వేసిన దారి.

ఈ సంగతిని పుస్తకాల్లో కాక కళ్లతో చూడాలనుకుంటే ఛత్తీస్‌గఢ్ రాజధానిలో తెలీబంధాను మించిన చోటు దొరకదు. పేరు చూస్తే పల్లెటూరు. 'తెలీ' అంటే గానుగ ఆడించే కులం, మన తెలికలవారు. 'బంధా' అంటే కట్ట వేసిన చెరువు. మహారాజ్‌బంధ్ లాంటి పేర్లు చాలా ఉన్న చెరువుల నగరంలో ఇదీ ఒకటి. కానీ ఈ చెరువుగట్టుకు ఒక అదృష్టం ఉంది. నగరం తూర్పు వాకిలి ఇదే. జనం ఇప్పటికీ జీఈ రోడ్డు అని పిలిచే గ్రేట్ ఈస్టర్న్ రోడ్డు, అంటే ముంబయి-కోల్‌కతా జాతీయ రహదారి, ఇక్కడి నుంచే ఊరు దాటుతుంది. దాని పాత నంబరు 6, 2010 నాటి మార్పుల తర్వాత 53. మానాలోని స్వామి వివేకానంద విమానాశ్రయానికి వెళ్లే వీఐపీ రోడ్డు ఈ పక్కనే చీలుతుంది. కొత్త రాజధానికి వెళ్లాలన్నా ఇటే.

ఈ తూర్పు వాకిలికి పాతికేళ్లలో మూడుసార్లు లాటరీ తగిలింది. 2000 నవంబరు 1న రాష్ట్రం ఏర్పడి, ధాన్యం మిల్లులు, హోల్‌సేల్ బట్టల వ్యాపారంతో నడిచే రాయ్‌పూర్ రాత్రికి రాత్రే రాజధాని అయిపోయింది. 2012 నవంబరులో విమానాశ్రయం కొత్త టెర్మినల్ తెరుచుకుంది. అదే నెలలో సచివాలయం నయా రాయ్‌పూర్‌లోని కొత్త భవనానికి మారింది. అప్పటిదాకా నగరం చివరన ఉన్న తెలీబంధా ఒక్కసారిగా పాత ఊరికీ కొత్త రాజధానికీ నట్టనడుమకు వచ్చి నిలబడింది. మూడోది 2017లో. అదే అన్నిటికన్నా ఆసక్తికరమైనది, కాస్త కష్టం కలిగించేది కూడా.

బియ్యం, కలప, కూలిజనం

రాయ్‌పూర్-ధంతరి నారోగేజ్ లైను 1900లో మొదలైంది. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే వేసిన ఆ పట్టాల మధ్య వెడల్పు రెండున్నర అడుగులే. ధంతరి వైపు నుంచి కలప, బియ్యం తేవడం దాని పని. అభన్‌పూర్ దగ్గర ఒక పాయ చీలి రాజిం పుణ్యక్షేత్రానికి వెళ్లేది. జనం దాన్ని ముద్దుగా 'ఛోటీ రేల్' అన్నారు. రాయ్‌పూర్ తర్వాత తెలీబంధా, మానా, కేంద్రీ, అభన్‌పూర్, కురూద్ మీదుగా అది నింపాదిగా సాగేది. కలప రవాణా లారీలకు మళ్లాక ఆ పెట్టెల్లో మిగిలింది మనుషులే. పొద్దున్నే నగరానికి పనికొచ్చి సాయంత్రానికి ఊరు చేరే కూలీలు, కూరగాయల గంపలవాళ్లు, చిన్న ఉద్యోగులు.

స్టేషన్ ఉన్నచోట ఇళ్ల ధరలు పెరగాలన్నది లోకం నమ్మిన సూత్రం. లండన్‌లో మెట్రోపాలిటన్ రైల్వే తన లైను పక్కన మిగిలిన భూముల్లో ఇళ్లు కట్టించి, 1915 నుంచి 'మెట్రోలాండ్' పేరిట ప్రచారం చేసి మరీ అమ్ముకుంది. మరి తెలీబంధా స్టేషన్ నూరేళ్లకు పైగా ఉన్నా ఇక్కడి స్థలాలకు అది ఎందుకు వన్నె తేలేదు? పైగా పట్టాల పక్క స్థలమంటే మొహం చిట్లించే పరిస్థితి. జవాబు కష్టమైనదేమీ కాదు. దారి ఎంతమందికి ఉపయోగపడుతుందో భూమి ధర చెప్పదు. ఎంత డబ్బున్నవాళ్లకు ఎంత సమయం మిగులుస్తుందో చెబుతుంది. ఛోటీ రైలు ఎక్కేవాడికి తెలీబంధాలో స్థలం కొనే స్తోమత లేదు. కొనే స్తోమత ఉన్నవాడు ఆ రైలు ఎక్కడు. అతని దృష్టిలో ఆ రైలు శంకర్‌నగర్ గేటు దగ్గర తన కారును ఆపేసే పీడ మాత్రమే.

అర్థశాస్త్రజ్ఞులు ఇదే మాటను మర్యాదగా చెబుతారు. నగర కేంద్రానికి చేరే ఖర్చు తగ్గితే ఆ మిగులంతా స్థలం ధరలోకి చేరుతుందని 1964లో విలియం అలోన్సో సిద్ధాంతీకరించారు. అంతకు ముందు 1826లోనే జర్మన్ భూస్వామి ఫాన్ ట్యూనెన్ సంతకు దగ్గరి పొలానికీ దూరపు పొలానికీ కౌలు ఎందుకు తేడా వస్తుందో లెక్కగట్టి చూపించాడు. ఇంటి ధరను గదుల సంఖ్య, గాలి, బడి, బస్సు అంటూ ముక్కలుగా విడదీసి దేనికెంతో తేల్చే పద్ధతిని 1974లో షెర్విన్ రోసెన్ గట్టి పునాది మీద నిలబెట్టారు. ఈ ముగ్గురినీ చదవని రాయ్‌పూర్ బ్రోకరు మాత్రం మూడు ముక్కల్లో తేల్చేస్తాడు: స్టేషన్‌కు ఇంత, ఎయిర్‌పోర్టుకు ఇంత, మంత్రాలయకు ఇంత. అతను నిమిషాలే చెబుతాడు, కిలోమీటర్లు చెప్పడు.

2017లో రాయ్‌పూర్-కేంద్రీ భాగంలో ఛోటీ రైలు ఆగిపోయింది. నగరం నడిబొడ్డున పట్టాలు లేచిపోయాయి. ఫాఫాడీహ్, దేవేంద్రనగర్, పండరీ, శంకర్‌నగర్, తెలీబంధాల మీదుగా, ఎవరి ఇల్లూ పెద్దగా కూల్చనక్కర లేకుండా, రైల్వే స్టేషన్ నుంచి ధంతరి రోడ్డు దాకా దాదాపు 12 కిలోమీటర్ల తిన్నని జాగా దొరికింది. నగరాల్లో అలాంటి జాగా దొరకడమంటే గుప్తనిధి తవ్వుకోవడమే. దాని మీద నాలుగు లేన్ల ఎక్స్‌ప్రెస్‌వే వచ్చింది, కూడళ్ల దగ్గర ఫ్లైఓవర్లతో సహా. నిన్నటి దాకా పట్టాల వెనక అని చిన్నచూపుకు గురైన పెరళ్లు ఎక్స్‌ప్రెస్‌వే పక్క స్థలాలుగా పేరు మార్చుకున్నాయి.

పక్కనే ఉన్నా ఎక్కలేం

అయితే ఈ కథ బ్రోషర్లలో ఉన్నంత నున్నగా సాగలేదు. 2019లో తెలీబంధా దగ్గర ఫ్లైఓవర్‌కు చేర్చిన రోడ్డు కుంగింది. అదే ఏడాది కొత్త ప్రభుత్వం విచారణ జరిపించింది. నాసిరకంగా ఉన్న భాగాలను పడగొట్టి మళ్లీ కట్టవలసి వచ్చింది. రాకపోకలు మొదలయ్యేసరికి అనుకున్న గడువు ఎప్పుడో దాటిపోయింది. ఈ ఆలస్యానికి కూడా ఒక ధర ఉంది. రోడ్డు ప్రకటించగానే ఆ పక్క స్థలం ధర పెరుగుతుంది. పనులు సాగుతుండగా దుమ్ము, గోతులు, మూసుకున్న దుకాణాలతో పడిపోతుంది. తెరుచుకున్నాక మళ్లీ లేస్తుంది. ప్రకటన నాడు అప్పు చేసి కొన్నవాడు మధ్యలో వాయిదాలు కట్టలేక అమ్ముకుంటే, చివరి లాభం ఓపిక ఉన్న పెట్టుబడిదారుకు పోతుంది. ఎక్కువగా నష్టపోయేది మొదట నమ్మిన మధ్యతరగతే.

రోడ్డు తెరుచుకున్నాక కూడా పక్కనున్న ఇళ్లన్నిటికీ ఒకే యోగం పట్టదు. ఎక్స్‌ప్రెస్‌వే అంటే ఎక్కడబడితే అక్కడ ఎక్కే రోడ్డు కాదు. దిగే చోటు, ఎక్కే చోటు దగ్గరున్న స్థలం మెరుగవుతుంది. ఆ రెంటికీ మధ్య గోడను ఆనుకుని ఉన్న ఇంటికి చప్పుడు, పొగ మాత్రమే దక్కుతాయి. అవతలి వీధికి వెళ్లాలంటే చుట్టు తిరగాలి. హైదరాబాద్‌వాసులకు ఇది చెప్పనక్కర లేదు. 2009 అక్టోబరులో మెహిదీపట్నం-ఆరాంఘర్ మధ్య 11.6 కిలోమీటర్ల పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే మొదలయ్యాక శంషాబాద్ విమానాశ్రయం వెళ్లేవారి ప్రయాణం హాయిగా మారింది. కింద అత్తాపూర్ దుకాణాలవాళ్లకు మాత్రం పిల్లర్ నంబరే చిరునామా అయింది. పైన పోయే కారు కింద కొట్టు ముందు ఆగదు కదా.

బయటి దేశాల్లో ఇంకో అడుగు ముందుకేశారు. శాన్‌ఫ్రాన్సిస్కోలో 1989 భూకంపానికి దెబ్బతిన్న ఎంబార్కడెరో ఎత్తురోడ్డును మళ్లీ కట్టకుండా 1991లో కూల్చేశారు. సముద్రం కనిపించాక ఆ తీరం విలువ ఎక్కడికో పోయింది. సియోల్‌లో 2003-05 మధ్య ఎత్తురోడ్డు తొలగించి కింద పూడ్చిపెట్టిన చియోంగ్యెచియోన్ వాగును బయటికి తీస్తే చుట్టుపక్కల భూముల ధరలు పెరిగాయి. దారి వేస్తే పెరుగుతుందన్నది ఎంత నిజమో, దారి తీసేసినా పెరగవచ్చన్నదీ అంతే నిజం.

తెలీబంధాలో నీళ్లకు కూడా ఈ లెక్కలో వాటా ఉంది. గట్టు మీద మురికివాడతో, గుర్రపుడెక్కతో నిండిన చెరువును మునిసిపల్ కార్పొరేషన్ శుభ్రం చేయించి చుట్టూ నడకదారి వేయించింది. జనం దానికి మెరైన్ డ్రైవ్ అని పేరు పెట్టుకున్నారు. బాంబే సముద్రం లేకపోయినా సాయంత్రాలు చాట్ బండ్లకు కొదవ లేదు. 2016లో 82 మీటర్ల జెండా స్తంభం కూడా వచ్చింది. గుడిసెల్లోని కుటుంబాలకు పేదల గృహపథకం కింద చెరువు పక్కనే ఫ్లాట్లు కట్టించారు. ఇది మెచ్చుకోవలసిన విషయం. ఇలాంటి చోట్ల పేదలను 20 కిలోమీటర్ల అవతల విసిరేయడమే మన నగరాల ఆనవాయితీ. ఇక్కడ పని దగ్గరే నీడ మిగిలింది. ఆ ఫ్లాటు కిటికీలోంచి కనిపించే చెరువు ఇవాళ ఎంత విలువైనదో అందరికంటే ముందు లెక్కగట్టింది మాత్రం ఎదురుగా లేచిన అపార్టుమెంట్ల బిల్డర్లే.

మరి ఒట్టి రోడ్డే చాలా? చాలదని నయా రాయ్‌పూర్ (2018 నుంచి అటల్ నగర్) చెబుతుంది. ఆరేసి లేన్ల రోడ్లు వేశారు. 2016 నవంబరు 1న ప్రధాని మోడీ చేతుల మీదుగా బీఆర్‌టీఎస్ బస్సులు ప్రారంభమయ్యాయి. అయినా ఏళ్ల తరబడి హౌసింగ్ బోర్డు ఇళ్లు చాలావరకు తాళాలతోనే మిగిలాయి. ఉద్యోగులు పొద్దున బస్సులో వెళ్లి సాయంత్రం పాత ఊరికే తిరిగొచ్చారు. బడి, ఆస్పత్రి, కిరాణా కొట్టు లేనిచోట వెడల్పు రోడ్డు ఉంటే ఏం చేసుకుంటారు? ఆ రోడ్ల వల్ల నిజంగా లాభపడింది అవతలి కొస కాదు, ఇవతలి కొసలోని తెలీబంధా. కొత్త శాసనసభా భవనం 2025 నవంబరు 1న ప్రారంభమయ్యాక ఈ తూకం మారుతుందని ఆశపడుతున్నవారు ఉన్నారు.

విశాఖ వైపు చూపు

రాయ్‌పూర్‌లో రైల్వే, వ్యాగన్ వర్క్‌షాపు ఉద్యోగాల కోసం వచ్చి తరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాలకు రైలుదారి విలువ కొత్తగా చెప్పాలా? 1931లో రాయ్‌పూర్-విజయనగరం లైను పూర్తయ్యాకే ఈ రెండు ప్రాంతాల మధ్య బంధుత్వాలు గట్టిపడ్డాయి. శ్రీకాకుళం, విజయనగరం నుంచి ఇటు మనుషులు, ఇటు నుంచి విశాఖ రేవుకు సరుకు. ఇప్పుడు అదే దిశలో రాయ్‌పూర్-విశాఖపట్నం ఆరు లేన్ల కారిడార్ రూపు దిద్దుకుంటోంది. అభన్‌పూర్ సమీపంలోని ఝాంకీ దగ్గర మొదలై కాంకేర్, కొండగావ్, ఒడిషాలోని కోరాపుట్ మీదుగా విశాఖ దగ్గరి సబ్బవరం చేరుతుంది. పాత దారిలో 597 కిలోమీటర్ల దూరం 464కు తగ్గుతుందని అధికారిక అంచనా. ప్రయాణం 12 గంటల పైనుంచి దాదాపు సగానికి వస్తుంది. ఆంధ్రప్రదేశ్ భాగానికి 2022 నవంబరులో విశాఖలో, ఛత్తీస్‌గఢ్‌లోని మూడు ముక్కలకు 2023 జూలైలో రాయ్‌పూర్‌లో ప్రధాని శంకుస్థాపన చేశారు. అడవిలో 2.8 కిలోమీటర్ల సొరంగం ఇందులో భాగమే.

దారి విలువను అందరికంటే ముందు పసిగట్టేది ఎవరో ఈ కారిడార్ పుణ్యమా అని బయటపడింది. భూసేకరణలో పెద్ద కమతానికి హెక్టారు లెక్కన పరిహారం కడతారు. 500 చదరపు మీటర్ల లోపు ముక్కకు చదరపు మీటరు లెక్కన, అంటే ఇళ్లస్థలం ధరన కడతారు. రెంటికీ నక్కకూ నాగలోకానికీ ఉన్నంత తేడా. అభన్‌పూర్ ప్రాంతంలో రోడ్డు ఏ పొలంలోంచి పోతుందో ముందే తెలిసిన దళారులు, రెవెన్యూ సిబ్బంది కలిసి పొలాలను కాగితాల మీద చిన్నచిన్న ముక్కలు చేసి, పాత తేదీలు వేసి, కొత్త పేర్లు ఎక్కించి పరిహారం పెంచుకున్నారన్నది ఆరోపణ. తొలి విచారణలో వినిపించిన అంకె 43 కోట్ల రూపాయలు. గొడవ శాసనసభకు ఎక్కడంతో 2025 మార్చిలో ప్రభుత్వం దర్యాప్తును ఆర్థిక నేరాల విభాగానికి అప్పగించింది. తర్వాత అరెస్టులు జరిగాయి. ఆరోపణలు కోర్టులో తేలాల్సి ఉన్నా, దీని వెనకున్న సూత్రం మాత్రం పాతదే. హైదరాబాద్‌లో ఔటర్ రింగ్ రోడ్డు అలైన్‌మెంట్ గురించి 2005-06లో రేగిన దుమారం తెలుగువారు మరిచిపోలేదు. నక్షా చూసినవాడిదే రాజ్యం.

పొలం పోయిన రైతు పరిస్థితి వేరు. అతని పరిహారానికి ఆధారం ప్రభుత్వ గైడ్‌లైన్ రేటు. 2019లో ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం రిజిస్ట్రేషన్లు పెంచడానికని ఆ రేటును 30 శాతం తగ్గించింది. తెలీబంధాలో ఫ్లాటు కొనేవాడికి స్టాంపు డ్యూటీ తగ్గింది, సంతోషం. సేకరణలో భూమి పోగొట్టుకునేవాడికి పరిహారపు లెక్కా అదే నిష్పత్తిలో కుంగింది. 2024 ఏప్రిల్‌లో ఆ తగ్గింపు ఎత్తేశారు. 2025 నవంబరులో రేట్లు గట్టిగా పెంచితే ఈసారి కొనుగోలుదారులు, వ్యాపారులు వీధికెక్కారు. ప్రభుత్వం కొన్ని మార్పులు చేసి వెనక్కి తగ్గింది. ఒకే అంకె ఒకరికి పన్ను, ఇంకొకరికి బతుకు. ఇద్దరినీ ఒకే రేటుతో సంతోషపెట్టడం ఏ కలెక్టరు తరమూ కాదు.

వడ్డించిన విస్తరి

ప్రజల డబ్బుతో వేసిన రోడ్డు వల్ల పెరిగిన విలువలో ప్రజలకు ఎంత తిరిగి రావాలి? లండన్ జూబ్లీ లైను పొడిగింపునకు 350 కోట్ల పౌండ్లు ఖర్చయితే, 1999లో అది తెరుచుకున్నాక స్టేషన్ల చుట్టూ భూమి విలువ 1,300 కోట్ల పౌండ్లు పెరిగిందని అక్కడి ఆస్తుల వ్యాపారి డాన్ రైలీ 2001లో రాసిన పుస్తకంలో లెక్కగట్టారు. ఆ లాభం పన్నులు కట్టినవారిది కాదు, ఆయనలాంటి ఆసాములదే. హాంకాంగ్ ఆ పొరపాటు చేయలేదు. మెట్రో సంస్థకే రైలు రాకముందు ధరన భూమి హక్కులిచ్చి, పెరిగిన విలువతో లైను ఖర్చు రాబట్టింది. హైదరాబాద్ మెట్రో అదే దారి పట్టాలని చూసింది. డిపోలు, స్టేషన్ల దగ్గర 269 ఎకరాలు నిర్మాణ సంస్థకు ఇచ్చారు. 2017 నవంబరులో రైళ్లు మొదలయ్యాయి. మాల్స్, ఆఫీసుల రాబడి అనుకున్నంత రాలేదు. నష్టాలు పేరుకుని 2025 సెప్టెంబరులో ప్రాజెక్టును రాష్ట్ర ప్రభుత్వానికి అప్పగించేందుకు సూత్రప్రాయంగా ఒప్పుకున్నారు. ముంబయి, పుణె, నాగ్‌పూర్‌లలో మెట్రో పేరిట స్టాంపు డ్యూటీ మీద అదనంగా ఒక శాతం వసూలు చేస్తున్నారు. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డుకు రెండువైపులా కిలోమీటరు మేర గ్రోత్ కారిడార్ గీసి అక్కడ కట్టేవారిపై ఇంపాక్ట్ ఫీజు వేశారు. రాయ్‌పూర్ ఎక్స్‌ప్రెస్‌వే పక్క స్థలాల విలువ మాత్రం వడ్డించిన విస్తరిలా యజమానుల ముందుకు వచ్చింది.

కొనేవాళ్లకు మాత్రం కొన్ని జాగ్రత్తలు తప్పవు. ఎక్స్‌ప్రెస్‌వేకు 'ఆనుకుని' అని రాసిన చోట ఎక్కే దారి ఎంత దూరమో నడిచి చూడాలి. స్థలం కాగితాల్లో ఇంకా పొలమేనా, ఇంటి వాడకానికి మారిందా, అంటే ఇక్కడి భాషలో 'డైవర్షన్' అయిందా అని అడగాలి. రేరా నంబరు చూడాలి. ముందున్న రోడ్డు వెడల్పు ఎంతో మాస్టర్ ప్లాన్‌లో వెతకాలి. ఎన్ని అంతస్తులు కట్టవచ్చో తేల్చేది అదే. భూమి ధరలో సగం రహస్యం దారిలో ఉంటే, మిగతా సగం ఈ నిబంధనల్లోనే ఉంటుంది.

ఛోటీ రైలు ప్రయాణికులకు ఎనిమిదేళ్ల తర్వాత రైలు తిరిగొచ్చింది. 2025 మార్చి 30న రాయ్‌పూర్-అభన్‌పూర్ మధ్య బ్రాడ్‌గేజ్ మీద మెమూ రైలును ప్రధాని ప్రారంభించారు. అయితే అది పాత దారిన రాదు. రాయ్‌పూర్ నుంచి తూర్పుగా మందిర్ హసౌద్ వెళ్లి, అక్కడ మలుపు తిరిగి, కొత్త రాజధాని మీదుగా కేంద్రీ చేరి అభన్‌పూర్‌కు వెళుతుంది. తెలీబంధా మెరైన్ డ్రైవ్ పక్క ఇళ్లలో, హోటళ్లలో పనికొచ్చేవాళ్లు రాయ్‌పూర్‌లో దిగి, అక్కడి నుంచి ఆటో పట్టుకోవాలి. తెలీబంధాలో ఇప్పుడు స్టేషన్ లేదు.